పదకొండో నంబరు బస్సు

రంగాపట్నం నగరపాలక సంస్థలో సిటీ బస్సు ఎక్కే ఉద్యోగి ఎవరైనా ఉన్నారా అని డిప్యూటీ కమిషనరు ముకుందరావు గారు మీటింగులో అడిగినప్పుడు, నలభై రెండు మందిలో నా చెయ్యి ఒక్కటే లేచింది. నా స్కూటరు షెడ్డులో ఉందని, ఆ వారం మాత్రమే బస్సులో వస్తున్నానని చెప్పేలోగా అందరూ చప్పట్లు కొట్టేశారు. ఆ విధంగా ప్లానింగు విభాగంలో సర్వే అసిస్టెంటునైన నేను, పైడిశెట్టి తవిటయ్య, ప్రజారవాణా నిపుణుణ్ణయ్యాను.

సంగతేమిటంటే, పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. నగరంలోని ప్రతి పౌరుడూ తన ఇంటి నుంచి ఆసుపత్రికి, బడికి, రైతుబజారుకు, రిజిస్ట్రారు ఆఫీసుకు బస్సులో ఎన్ని నిమిషాల్లో చేరుకుంటున్నాడో కొలవాలి. సగటు ముప్పై నిమిషాలకు లోపుంటే ఆ నగరానికి ‘సుగమ నగరం’ అనే బిరుదు ఇస్తారు. కొలవడం ఎలాగో నేర్పడానికి ఢిల్లీ నుంచి అర్ణవ్ భాటియా అనే కన్సల్టెంటు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. చురుకైనవాడు, మర్యాదస్తుడు. తెలుగు ఒక్క ముక్క రాదు.

‘‘పౌరుడి గడప నుంచి సేవ గడప దాకా జరిగే చలనాన్ని మనం శాస్త్రీయంగా పట్టుకోబోతున్నాం’’ అన్నారు ముకుందరావు గారు, భాటియా ఇంగ్లీషులో చెప్పినదాన్ని మాకు తెలుగు చేస్తూ. మీటింగు అయ్యాక అందరూ తమ తమ కార్లెక్కి శాస్త్రీయంగా వెళ్లిపోయారు. నేను బస్సు కోసం నిలబడ్డాను.

మొదటి కొలత జూట్‌మిల్లు కాలనీ నుంచి పెద్దాసుపత్రికి. దూరం అయిదు కిలోమీటర్లు. నగరపాలక సంస్థ నడిపే తొమ్మిది బస్సుల్లో ఆ దారిన పోయేది ఇరవై ఏడో నంబరు. పొద్దున్న ఎనిమిదింటికి కాలనీ స్టాపుకు వెళ్లేసరికి అక్కడ ఒక ఆవిడ నిలబడి ఉంది. పక్కన సిమెంటు దిమ్మ మీద ఆవిడ భర్త కూర్చున్నాడు. ఆవిడ పేరు బెవర అసిరితల్లి, ఆయన పేరు రామునాయుడు. మిల్లు మూతపడే దాకా ఆయన అందులో మగ్గం మీద పనిచేశాడట. రెండు కిడ్నీలూ పాడయ్యాయి. మంగళవారం, గురువారం, శనివారం పెద్దాసుపత్రిలో డయాలసిస్. పది గంటలకు మిషను ఆయనది. పదిన్నర దాటితే ఇంకొకరిది.

నేను గడియారం చూసుకుని పుస్తకంలో టైము వేసుకున్నాను.

‘‘ఏటి రాస్తన్నారు బాబూ?’’ అంది అసిరితల్లి.

‘‘బస్సు ఎంతసేపటికి వస్తుందో రాస్తున్నా పిన్నీ.’’

‘‘రాసుకోండి. పుస్తకం పెద్దదే తెచ్చుకున్నారు గదా.’’

బస్సు తొమ్మిదీ పదికి వచ్చింది. డెబ్బై నిమిషాలు. ఎక్కాక రైల్వే గేటు దగ్గర పదిహేను నిమిషాలు, మార్కెట్టు దగ్గర ఇరవై నిమిషాలు ఆగింది. ఆసుపత్రి స్టాపు ఆసుపత్రికి ముప్పావు కిలోమీటరు అవతల ఉంది. అక్కణ్ణించి రామునాయుడు నాలుగు అడుగులకొకసారి ఆగుతూ నడిచాడు. లోపలికి చేరేసరికి పదీ పది. మిషను దగ్గరున్న టెక్నీషియను గోడ గడియారం చూసి ‘‘ఇయ్యాల టైముకే వచ్చినారు’’ అన్నాడు మెచ్చుకోలుగా.

నేను పుస్తకంలో నూట ముప్పై నిమిషాలని వేసి ముకుందరావు గారికి చూపించాను. ఆయన దాన్ని కళ్లద్దాలు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చదివారు.

‘‘తవిటయ్యా, ఇది కొలత కాదు. ఫిర్యాదు’’ అన్నారు.

‘‘గడియారం పెట్టే కొలిచాను సార్.’’

‘‘ఒక రోగితో కలిసి కొలిచావు. రోగులు నెమ్మదిగా నడుస్తారు. సూచిక ఆరోగ్యవంతులకు సంబంధించినది.’’

ఆసుపత్రికి ఆరోగ్యవంతులు ఎందుకు వెళ్తారని అడగబోయి ఊరుకున్నాను. ఇంక్రిమెంటు దగ్గరపడుతున్న రోజులవి.

ఒక మనిషి ఒక రోజు కొలిస్తే పక్షపాతం వస్తుందని, పౌరుల్నే నేరుగా అడగాలని భాటియా తేల్చాడు. ఫోనులో ఒక ఫారం తయారుచేసి వార్డు సిబ్బంది అందరికీ ఇచ్చాడు. ప్రశ్నలు నాలుగే. మీరు ఏ నంబరు బస్సులో వెళ్తారు? దాని కోసం ఎన్ని నిమిషాలు ఎదురుచూస్తారు? అందులో సీటు దొరుకుతుందా? అది మీ ఇంటికి ఎంత దగ్గరగా వస్తుంది? ప్రయాణానికి పట్టే సమయం అడగనక్కర్లేదు. బస్సు గంటకు ఇరవై కిలోమీటర్లు పోతుందన్న లెక్కన కంప్యూటరే వేసుకుంటుంది. మొదటి ప్రశ్నకు అంకె వెయ్యాలి. బస్సు లేదు అని రాస్తే ఫారం ముందుకు కదలదు.

వార్డు సిబ్బంది పన్నెండు రోజులు ఇల్లిల్లూ తిరిగారు. పదమూడో రోజు భాటియా గదిలోంచి పరుగున బయటికి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. రంగాపట్నంలో ఒక అద్భుతమైన బస్సు మార్గం ఉందనీ, అది నగరపాలక సంస్థ జాబితాలోనే లేదనీ చెప్పాడు. నూటికి అరవై నాలుగు మంది అందులోనే తిరుగుతున్నారు. ఎదురుచూసే సమయం సున్నా. కిక్కిరిసి ఉండదు. సందుల్లోకి వస్తుంది. కొందరి ఇళ్లలో వంటగది దాకా వస్తుంది. దాని నంబరు పదకొండు.

మీటింగు హాల్లో శానిటరీ ఇన్‌స్పెక్టరు దగ్గు వచ్చినట్టు రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయాడు. పదకొండో నంబరు బస్సంటే మనిషి రెండు కాళ్లని తెలుగుదేశంలో పుట్టిన ఎవరికైనా తెలుసు. ఏ బస్సులో వెళ్తారమ్మా అంటే జనం వాళ్లకు అలవాటైన జవాబు చెప్పారు. సిబ్బందికి అంకె కావాలి కాబట్టి అంకె వేసుకున్నారు.

నేను లేచి నిలబడ్డాను. ‘‘సార్, ఆ పదకొండు...’’

‘‘కూర్చో తవిటయ్యా’’ అన్నారు ముకుందరావు గారు.

మీటింగయ్యాక నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేశారు.

‘‘నువ్వు చెప్పబోయేది నాకు తెలియదనుకున్నావా? మా ఊళ్లో హైస్కూలుకు నేనూ ఆరేళ్లు పదకొండో నంబరులోనే వెళ్లాను.’’

‘‘మరి భాటియా గారికి చెప్పాలి కదండీ.’’

‘‘మన సగటు ఎంతొచ్చిందో తెలుసా? పంతొమ్మిది నిమిషాలు. రాష్ట్రంలో మొదటి స్థానం.’’ ఆయన మార్గదర్శకాల పుస్తకం నా ముందు పెట్టారు. ‘‘కాళ్లు ప్రజారవాణా కిందికి రావని ఇందులో ఎక్కడైనా ఉంటే చూపించు. కాళ్లు ఎవరివి? ప్రజలవి. చేస్తున్నదేమిటి? రవాణా.’’

నూట నలభై పేజీలూ చదివాను. నిజంగానే ఎక్కడా లేదు.

ఆ తర్వాత పనులు చకచకా సాగాయి. మిగిలిన తొమ్మిది బస్సుల పనితీరును పదకొండో నంబరుతో పోల్చి చూశారు. ప్రతి బస్సూ వెనకబడే ఉంది. దేనికోసమైనా జనం నలభై, యాభై నిమిషాలు నిలబడుతున్నారు. ఇరవై ఏడో నంబరు, నా పుస్తకంలోంచి తీసుకున్న డెబ్బై నిమిషాలతో, మొత్తం నగరం సగటును పైకి లాగుతోంది. బస్సులు ఉండటం వల్లే జనానికి బస్సు కోసం ఎదురుచూడాల్సిన దుస్థితి కలుగుతోందని ముకుందరావు గారు ఫైలులో రాశారు. ‘మార్గాల హేతుబద్ధీకరణ’ అనే శీర్షిక కింద తొమ్మిది బస్సుల్నీ షెడ్డులో పెట్టించారు. స్టాపుల్లో పాత నంబర్లు చెరిపించి, ఆకుపచ్చ రంగులో 11 వేయించారు. రెండు నిలువు గీతలే కాబట్టి పెయింటరు మధ్యాహ్నానికల్లా పని పూర్తిచేశాడు.

ప్రారంభోత్సవానికి ఒక ముఖ్య అతిథి వచ్చి జెండా ఊపారు. ‘‘చక్రాల మీద ఆధారపడే కాలం చెల్లింది. మన పౌరుడు స్వయంచాలకుడు’’ అన్నారు. జనం చప్పట్లు కొట్టి నడిచి వెళ్లిపోయారు. దాన్ని మార్గం మొదటి ట్రిప్పుగా నమోదు చేశాం.

ఆ వారమే నేను మళ్లీ జూట్‌మిల్లు కాలనీకి వెళ్లాను. స్టాపులో ఎవరూ లేరు. అసిరితల్లి ఇంటి ముందు కూరగాయలమ్మే తోపుడు బండి ఒకటి నిలబెట్టి, దాని మీద బొంత పరుస్తోంది.

‘‘బస్సు తీసీసినారు గదా బాబూ’’ అంది. ‘‘ఆటోవోడికి వారానికి మూడుసార్లు ఇచ్చుకోలేం. ఎదురింటి అప్పయ్య కూరలమ్మీసి బండి పక్కనెడతాడు. ఆ టయానికి మాం తీసుకుంతన్నాం.’’

రామునాయుడు బండెక్కి నా వైపు చూసి నవ్వాడు. ‘‘రేటు ఎంతని అడగరేటి? నన్నిప్పుడు కిలోల లెక్కనే తీసుకెల్తంది.’’

నేనూ ఒక చెయ్యి వేశాను. రైల్వే గేటు దగ్గర బండిని పక్క సందులో, పట్టాల కిందనున్న ఇరుకు దారిలోంచి దాటించాం. మార్కెట్టులో జనమే దారిచ్చారు. ఆసుపత్రి తలుపు దాకా బండి వెళ్లింది. గడియారం చూస్తే డెబ్బై నిమిషాలు. ఆవిడ చీర వీపు మీద పూర్తిగా తడిసిపోయింది. అరచేతులు కమిలిపోయాయి. ఆ చేతుల గురించి రాద్దామని పుస్తకం తీశాను. ఎలా రాయాలో తెలియక నిమిషాలు మాత్రం వేశాను.

ముకుందరావు గారు చాలా సంతోషించారు. ‘‘చూశావా, నీ గడియారం కూడా ఒప్పుకుంది. బస్సు ఉన్నప్పుడు నూట ముప్పై. తీసేశాక డెబ్బై. నలభై ఆరు శాతం మెరుగుదల.’’

లెక్క తప్పు కాదు. అదే నన్ను రెండు రోజులు అన్నం తిననివ్వలేదు.

‘సుగమ నగరం’ బిరుదు రంగాపట్నానికే వచ్చినట్టు మే నెల మొదటి వారంలో పత్రికల్లో పడింది. ప్రకటించాక తనిఖీ చెయ్యాలన్నది నియమం. బిరుదుల కమిటీ అధ్యక్షుడిగా ఆ ప్రకటన మీద సంతకం పెట్టిన విశ్రాంత చీఫ్ ఇంజినీరు కోదండపాణి గారే ఆ పని మీద వచ్చారు. భారీ మనిషి. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా. జూట్‌మిల్లు కాలనీ నుంచి పెద్దాసుపత్రి దాకా పదకొండో నంబరులో స్వయంగా ప్రయాణిస్తానన్నారు. సొంత వాహనాలు అర కిలోమీటరు దరిదాపుల్లో ఉండకూడదన్న నిబంధన ప్రకారం కార్లన్నీ వెనక్కి పంపేశారు. ఆ రోజు గురువారం.

పొద్దున్న ఎనిమిదీ ముప్పావు. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. కోదండపాణి గారు స్టాపులో నిలబడి రోడ్డు రెండు వైపులా చూశారు. ‘‘బస్సెప్పుడొస్తుందండీ?’’

ముకుందరావు గారు ఆకాశం వైపు చూశారు. అప్పుడే అసిరితల్లి బండి తోసుకుంటూ వచ్చింది.

‘‘పదకొండో నంబరేనా బాబూ?’’ అంది. ‘‘ఎక్కీసినారు గదా, నడవండి మరి.’’

కోదండపాణి గారిది తెనాలి దగ్గర ఊరు. ఆయనకు విషయం అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. ముకుందరావు గారి వైపు తిరిగారు. ముకుందరావు గారు మెల్లగా, ‘‘పత్రికల్లో వచ్చేసింది కదండీ. తమరి సంతకంతోనే’’ అన్నారు. కోదండపాణి గారు చొక్కా చేతులు మడిచి నడవడం మొదలుపెట్టారు.

రైల్వే గేటు దాకా బాగానే వచ్చారు. అక్కడ పట్టాల పక్కనున్న రాయి మీద కూర్చున్నారు. కూర్చున్నవారు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయారు. మొహం పాలిపోయింది. చెమటలు పట్టేశాయి. ముకుందరావు గారు ఫోను తీసి కారు పిలిచారు. అవతల గూడ్సు బండి ఆగి గేటు పడిపోయింది, కారు ఇటు రావడానికి లేదు.

‘‘ఇక్కడెక్కించండి’’ అన్నాడు రామునాయుడు బండి మీద నుంచి. ‘‘నాను జరుగుతాను.’’

నేనూ, ముకుందరావు గారూ కలిసి కోదండపాణి గారిని బండెక్కించాం. రామునాయుడు ఆయన తల తన ఒళ్లో పెట్టుకుని కండువాతో విసురుతూ కూర్చున్నాడు. ఇద్దరి బరువుతో బండి కదలనంది. గేటు పక్క సందులో చక్రం మురిక్కాలవలో దిగింది. దాన్ని పైకి తియ్యడానికే ఇరవై నిమిషాలు పట్టింది. ముకుందరావు గారు కూడా తోశారు. ఆయన్ని నేను ఆ స్థితిలో చూడటం అదే మొదలు.

ఆసుపత్రికి చేరేసరికి పదీ నలభై. తనిఖీకి వచ్చిన పెద్దమనిషని తెలిసి డాక్టర్లు, నర్సులు కోదండపాణి గారి చుట్టూ మూగారు. సెలైను పెట్టారు. గంటలో ఆయన లేచి కూర్చుని మజ్జిగ తాగారు. డయాలసిస్ గదిలో రామునాయుడి మిషను మీద ఇంకొకరు పడుకుని ఉన్నారు.

‘‘శనివారం రండి’’ అన్నాడు టెక్నీషియను. ‘‘నేనేం చెయ్యగలనమ్మా, పదిన్నర దాకా ఆపినాను.’’

అసిరితల్లి బండి తిప్పుకుంది.

శుక్రవారం పొద్దున్న ఆఫీసుకు పోకుండా కాలనీకి వెళ్లాను. రామునాయుడి కాళ్లు ఉబ్బిపోయాయి. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను ఆటో పిలిచి ఇద్దర్నీ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. అత్యవసర వార్డులో మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, ఒక మిషను ఖాళీ అయ్యాక ఎక్కించారు. గండం గడిచింది.

బయట వరండాలో అసిరితల్లి నా పక్కన కూర్చుంది. ‘‘ఆ సారుకెలగున్నాది?’’ అని అడిగింది.

‘‘బాగానే ఉన్నారు.’’

‘‘మంచిదే. నడిసే అలవాటు లేదు పాపం.’’

ఆ కాలనీకి మొదటిసారి గడియారం పట్టుకుని వెళ్లింది నేను. బస్సు రావడానికి డెబ్బై నిమిషాలని రాసింది నేను. ఆ బస్సును తీసెయ్యడానికి కారణమైన అంకె నా చేతి రాతలోనే ఉంది. ఆ వరండాలో నాకు అంతవరకు రాని సిగ్గు వచ్చింది.

సోమవారం తనిఖీ నివేదిక వచ్చింది. కోదండపాణి గారు బిరుదును ఖాయం చేశారు. ఎదురుచూసే సమయం శూన్యమని, తోటి ప్రయాణికులు మర్యాదస్తులని రాశారు. చివర ఒక్క లోపం చూపించారు: ‘మార్గమధ్యంలో ఒక వాహనం మొరాయించినట్లు గమనించడమైనది. ప్రత్యామ్నాయ ఏర్పాటు కనిపించలేదు.’

మొరాయించింది ఆయన కాళ్లే. నేను ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదువుకుని, పాత రవాణా నిబంధనల పుస్తకం తీశాను. రద్దీ మార్గంలో వాహనం చెడిపోతే ప్రయాణికుల్ని గమ్యం చేర్చడానికి స్టాండ్‌బై బస్సు ఒకటి సిద్ధంగా ఉంచాలని ఇరవై మూడో నిబంధనలో ఉంది. నోటు రాసి ముకుందరావు గారి ముందు పెట్టాను. రోగులూ వృద్ధులూ ఎక్కువున్న జూట్‌మిల్లు కాలనీలో పదకొండో నంబరు వాహనాలు తరచూ మొరాయించే అవకాశం ఉన్నందున, షెడ్డులో ఉన్న ఒక బస్సును డ్రైవరు, కండక్టరుతో సహా అక్కడ నిలపాలి. వాహనం మొరాయించిన ప్రయాణికుల్ని గంటకోసారి ఆసుపత్రికి చేర్చాలి.

ఆయన నోటు చదివి నన్ను పరీక్షగా చూశారు. ‘‘ఇది బస్సు వెయ్యడమే కదా తవిటయ్యా.’’

‘‘కాదు సార్. స్టాండ్‌బై. వద్దంటే పదకొండో నంబరు అసలు బస్సే కాదని మనమే రాసినట్టవుతుంది.’’

ఆయన కలం తీశారు. అరచేతిలో బండి తోసినప్పటి బొబ్బ ఇంకా మానలేదు. సంతకం పెట్టారు.

బస్సు మర్నాటి నుంచే మొదలైంది. తమ వాహనం మొరాయించిందని చెప్పినవాళ్లనే ఎక్కించుకోవాలన్నది షరతు. కండక్టరు మెట్టు మీద నిలబడి ఒక్కొక్కర్నీ అడిగేవాడు. మోకాలు పట్టేసిందని ఒకరు, మడమ నొప్పని ఒకరు, ఊరికే మొరాయించిందని ఒకరు చెప్పి ఎక్కేవారు. నెల తిరిగేసరికి ఆ కాలనీలో మూడు వేల నాలుగు వందల వాహనాలు మొరాయించినట్టు రికార్డయింది.

అంకె చూసి పైవాళ్లు ఉలిక్కిపడ్డారు. ‘మీ అధీనంలో ఉన్న పదకొండో నంబరు వాహనాలు ఈ స్థాయిలో మొరాయించడానికి కారణాలేమిటో ఏడు రోజుల్లో తెలియజేయాలి. నిర్వహణలో నిర్లక్ష్యం రుజువైతే చర్యలుంటాయి’ అని కాలనీ వాసులకు నోటీసు పంపారు. దాన్ని అందజేసే పని కూడా నాకే పడింది.

అసిరితల్లి స్టాపులో ఉంది. నోటీసు చదివి వినిపించాను. రామునాయుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

‘‘రాయండి బాబూ’’ అంది. ‘‘మా బళ్లు పాతయి. పుట్టినప్పుడు ఇచ్చిన జత, మల్లీ మార్సలేదు. మిల్లులో అరిగినాయి, మీ ఆఫీసుల సుట్టూ తిరిగి అరిగినాయి. కొత్తయి ఇప్పిస్తే సంతకమెట్టి తీసుకుంతాం. లేదంటే మీ సార్లవి కొత్తగా ఉన్నాయి గదా, ఎప్పుడూ నడపరు. అయి మాకిచ్చీమనండి.’’

అంతలో బస్సు హారను వినిపించింది. ఆవిడ మొగుడి చెయ్యి పట్టుకుని లేపింది. ‘‘ఏమైందమ్మా మీ బండికి?’’ అన్నాడు కండక్టరు అలవాటుగా. ‘‘నిన్నటిదే’’ అని ఎక్కేసింది.

నేను ఆఫీసుకు వచ్చి ఆవిడ జవాబును ఉన్నదున్నట్టు టైపు చేసి ముకుందరావు గారికి ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు. ‘పాతయి’ అన్నచోట కొట్టేసి ‘కాలం చెల్లినవి’ అని దిద్దారు. ‘మీ సార్లవి’ అన్నచోట కలం కాసేపు ఆగింది. దాన్ని మాత్రం దిద్దకుండా వదిలేసి, పైకి పంపించమన్నారు.

పైనుంచి జవాబు ఇంకా రాలేదు. అది వచ్చేదాకా స్టాండ్‌బై బస్సును తీసెయ్యడానికి వీల్లేదని ఫైలు మీద నేనే రాశాను.